మైనస్ అయిదు సంవత్సరాలు

ఏప్రిల్ 12, 1964. ఆదివారం.

ముందుగా ఈ నోటుబుక్కుకే క్షమాపణ చెప్పుకుంటున్నాను. నా తెలుగు పేలవమైనది. చిన్నతనంలో నాలుగు తరగతులు ఉర్దూలో చదివాను. తెలుగు అక్షరం ముప్పై తొమ్మిదో ఏట రాత్రిబడిలో పట్టుబడింది. అంతకు ముందు నాకు తెలిసిన తెలుగు ఇంట్లో మాట్లాడేది, ఆదివారం గుడిలో వినేది. అందువల్ల నా వాక్యాలలో కొంత బైబిలు, కొంత ఆఫీసు కలిసి ఉంటాయి. ఇది ఎవరూ చదవరు కాబట్టి నష్టం లేదు. అయినా తప్పులు లేకుండా వ్రాయడం నా అలవాటు.

నా పేరు ఇమ్మానుయేలు. డైరీలో స్వంత పేరు వ్రాసుకోనక్కరలేదని తెలుసు. కాని దాని క్రింద ‘గుమాస్తా’ అని వ్రాసుకోవడం నాకు ఇష్టం. పదిహేడేళ్ళు ఇదే హైస్కూలులో గంట కొట్టాను, బెంచీలు మోశాను. నలభై మూడో ఏట మెట్రిక్ పాసై, అదే బడిలో కుర్చీ మీద కూర్చున్నాను. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి గోడకు తగిలించాను. నా భార్య కృపమ్మ మిషన్ దవాఖానలో ఆయా. ఆ పటం తుడిచినప్పుడల్లా, “రోజూ దీని ముంగట రెండు పాటలు పాడరాదూ, అదొక్కటే తక్కువున్నది” అంటుంది.

ఈ పుస్తకం మొదలుపెట్టడానికి కారణం లిదియా. మా అమ్మాయి. పదమూడేళ్ళు. ఏడో తరగతి పరీక్షలు వ్రాసింది.

ఎనిమిదో తరగతి నుంచి లెక్కలు రెండు రకాలు. జనరల్ మ్యాథమెటిక్స్ అందరికీ. కాంపోజిట్ మ్యాథమెటిక్స్ ఒక్క సెక్షనుకే, నలభై మందికి. కాంపోజిట్ చదవనివారికి మెట్రిక్ తరువాత పి.యు.సి.లో లెక్కలు ఇవ్వరు. ఆ పైన ఇంజనీరింగు లేదు, లెక్కల పంతులు ఉద్యోగం కూడా లేదు. ఒకసారి జనరల్‌లో పడిన పిల్లను మా బడిలో మళ్ళీ ఇటు మార్చరు. లిదియాకు లెక్కల సారు కావాలని ఉన్నది. ‘సారు’ అనే అంటుంది, ‘టీచరమ్మ’ అనదు.

ఇరవయ్యో తేదీన ఎంపిక పరీక్ష. నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరితోనూ చెప్పలేదు. గుమాస్తా బిడ్డకు భయమెందుకని అనుకుంటారు.

ఏప్రిల్ 15.

కాశిబుగ్గలో మేము అద్దెకున్న ఇంటి ప్రక్కనే సోమక్క వాళ్ళ మగ్గం. ఈ రోజు ఆమె గోడ మీదుగా పిలిచింది.

“ఓ లిదియా! అంగుళానికి అరవై పోగులు, నలభై నాలుగంగుళాల పన్నా. మొత్తం ఎన్నయితయే? మా ఆయన పొద్దటి సంది చేతి ఏళ్ళు మడుస్తాండు.”

“రెండు వేల ఆరు వందల నలభై, సోమక్కా.” పిల్ల బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పింది.

“ఇన్నవా? నీ ఏళ్ళు ఇగ మగ్గానికే పెట్టు” అని సోమక్క మొగుణ్ణి దెప్పింది.

తరువాత నేను లిదియాను కూర్చోబెట్టి పది లెక్కలు ఇచ్చాను. తొమ్మిదింటిని క్షణాల మీద చేసింది, పదోది కొంచెం నిదానంగా. కాని నా పద్ధతిలో చేయలేదు. ప్రతిదానికీ ఎక్స్ అంటుంది.

“ఎక్స్ ఎందుకు? నోటిలెక్కగా ఆలోచించి మెట్టు మెట్టుగా చేయాలి” అన్నాను.

“దాన్ని ఎక్స్ అనుకుంటె అయిపోతది గద, నాయినా. మనం ఆలోచించే పని లేదు. అదే పట్టుకపోతది.”

“తెలియని దానికి పేరు పెట్టి తెలిసినట్టు మాట్లాడడం నాకు నచ్చదు.”

“వెంకట్రాజం సారు గట్లనే చెప్పిండు.”

వెంకట్రాజం గారు లెక్కల ఉపాధ్యాయుడు. బి.ఎడ్. చేసి వచ్చి రెండేళ్ళు. చిన్నవాడు. చురుకైన పిల్లలకు సాయంత్రం బడి అయ్యాక ఎనిమిదో తరగతి బీజగణితం ముందే చెబుతున్నాడు. మంచివాడే. కాని తొందర ఎక్కువ.

ఏప్రిల్ 20.

పరీక్ష అయింది. పది లెక్కలు, యాభై మార్కులు. లిదియా ఇంటికి వచ్చి అన్నం తినకుండా నిద్రపోయింది. బాగా వ్రాసినట్టే.

ఏప్రిల్ 24.

వెంకట్రాజం గారు దిద్దిన పేపర్ల కట్ట నాకు అప్పగించి, చెల్లెలి పెండ్లికి ఊరికి వెళ్ళిపోయాడు. బడి తెరిచేదాకా రాడు. మార్కులు రిజిష్టరులో ఎక్కించడం నా పని. లిదియాకు నలభై ఒకటి. వరుసలో ముప్పై ఒకటో స్థానం.

ఆమె పేపరు తెరచి చూశాను. చూడవలసిన అవసరం లేదు.

ఏప్రిల్ 25.

ఈ రోజు నేను న్యాయం చేశాను. స్వంత మనుషుల విషయంలో న్యాయం చేసేవారు ఈ బడిలో ఇంకొకరు లేరు. ఆ సంగతి హెడ్మాస్టరు గారే అన్నారు.

కృపమ్మకు ఇప్పుడే చెప్పను.

ఏప్రిల్ 27.

రెండు రోజులుగా మనస్సు ప్రశాంతంగా ఉన్నది. అందుచేత జరిగినది సక్రమంగా వ్రాస్తాను.

ఏడో లెక్క ఇది: తండ్రి వయస్సు 41, కొడుకు వయస్సు 17. ఎన్ని సంవత్సరాలకు తండ్రి వయస్సు కొడుకు వయస్సుకు మూడింతలగును?

లిదియా నాలుగు పంక్తులలో ఎక్స్ పెట్టి చేసి, చివర ‘మైనస్ 5 సంవత్సరాలు’ అని వ్రాసింది. దానికి వెంకట్రాజం గారు అయిదుకు అయిదు మార్కులు వేశారు.

నేను నా పద్ధతిలో చేశాను. ఇద్దరి వయస్సుల తేడా 24. తండ్రి మూడింతలైన నాడు ఆ తేడా కొడుకు వయస్సుకు రెండింతలు ఉండాలి. అంటే కొడుకు వయస్సు 12 కావాలి. కాని కొడుకుకు ఇప్పటికే 17. పదిహేడేళ్ళవాడు పన్నెండేళ్ళవాడు కాలేడు. కాబట్టి లెక్కే తప్పు, జవాబు లేదు. సున్నా కంటే తక్కువ సంవత్సరాలు ఎక్కడా ఉండవు. నా బిడ్డ తప్పు వ్రాసింది. సారు చూడకుండా మార్కులు వేశాడు.

రేపు ఎవరైనా ఇది పట్టుకుని, గుమాస్తా బిడ్డ కాబట్టి వేశారని అంటే? నా పదిహేడేళ్ళ గంట, నా నాలుగేళ్ళ కుర్చీ ఏమవుతాయి?

హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు గారి దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆయన చరిత్ర చెప్పేవారు, లెక్కలు తెలియవు. పేపరు చూసి, “మైనస్ సంవత్సరాలేమిటి, విచిత్రంగా ఉన్నదే” అన్నారు. తరువాత నన్ను కూర్చోమన్నారు. ఆయన గదిలో నేను ఇంతవరకు కూర్చోలేదు.

“స్వంత కూతురి మార్కులు తగ్గించమని వచ్చినవారిని నా సర్వీసులో చూడలేదు, ఇమ్మానుయేలు గారూ. ఇదే మాట కాగితం మీద వ్రాసి ఇవ్వండి.”

గారూ అన్నారు.

కాగితం మూడుసార్లు చిత్తు వ్రాసి, నాలుగోసారి మంచి అక్షరాలతో ఎత్తి వ్రాశాను. ‘నా కుమార్తె లిదియా ఏడవ ప్రశ్నకు వ్రాసిన సమాధానము అసంబద్ధమైనందున, దానికి కేటాయించిన అయిదు మార్కులను రద్దు చేయవలసినదిగా కోరుచున్నాను.’ ఇంత శుద్ధమైన తెలుగు నేను ఇంతకు ముందు వ్రాయలేదు. హెడ్మాస్టరు గారు ఎర్ర పెన్సిలుతో అయిదు కొట్టివేసి 36 వేశారు.

మే 3. ఆదివారం.

“ఏమయ్యా, పిల్లకు మార్కులెన్నొచ్చినయో నీకెరికె గద. చెప్తె నీ సొమ్మేం బోతది?” అని కృపమ్మ అడిగింది.

జాబితా హెడ్మాస్టరు గారి దగ్గర ఉన్నదన్నాను.

“అబ్బో, సర్కారు రహస్యం! మా దొరసాని డాక్టరమ్మ కూడ గింత గుట్టు జెయ్యది.”

లిదియా నవ్వింది. నేను కూడా నవ్వాను.

మే 27.

ప్రధానమంత్రి గారు మరణించారని రేడియోలో చెప్పారు. దుకాణాలు మూశారు. సోమక్క వాళ్ళ మగ్గం కూడా ఆగింది. నేను రోజంతా వయస్సుల గురించి ఆలోచిస్తూనే ఉన్నాను.

జూన్ 12.

ఈ రోజు తుది జాబితా ఎత్తి వ్రాయమని హెడ్మాస్టరు గారు చిత్తు ప్రతి ఇచ్చారు. అందులో మూడు పేర్లు కొత్తగా పెన్సిలుతో చేర్చి ఉన్నాయి. వాళ్ళ మార్కులు 22, 19, 17. ప్రతి పేరుకు ఒక చీటీ గుచ్చి ఉన్నది. క్రింది నుంచి మూడు పేర్లు కొట్టివేశారు. చిట్టచివరిది లిదియా.

“అయ్యా, ఈ ముగ్గురూ...” అన్నాను.

“అవి పెద్దవాళ్ళ మాటలు, ఇమ్మానుయేలూ. నీకు తెలియనివా?”

గారూ లేదు.

“నా కూతురికి నలభై ఒకటి వచ్చినవి, అయ్యా. ముప్పై ఒకటో పేరు. ఎవరిని చేర్చినా ఆమె పేరు కదిలేది కాదు.”

“నలభై ఒకటి ఎక్కడిది? ముప్పై ఆరని చేయించింది నువ్వే గదా. ఇంకా ఎందుకు బాధ? ఆడపిల్ల. జనరల్‌తో గృహవిజ్ఞానం ఉన్నది. కుట్లు, అల్లికలు. రేపు అక్కరకు వస్తయి.”

అదే పరీక్ష వ్రాసిన ఒక వకీలు గారి అబ్బాయి కూడా ఏడో లెక్కకు మైనస్ అయిదు వ్రాశాడని, అతని అయిదు మార్కులూ అట్లాగే ఉన్నాయని చెప్పాను. ఆ పేపరు నేను నిన్ననే చూశాను.

“వాళ్ళ నాయన వచ్చి ఫిర్యాదు చేయలేదు గదా” అన్నారు.

నలభై పేర్లూ వ్రాశాను. అక్షరం ఎక్కడా వంకర పోలేదు.

జూన్ 15. సోమవారం.

బడి తెరిచారు. జాబితా నోటీసు బోర్డుకు అంటించింది నర్సయ్య, ఇప్పుడు గంట కొట్టే మనిషి. లిదియా పై నుంచి క్రిందికి చదివింది. మళ్ళీ క్రింది నుంచి పైకి చదివింది. కిటికీలోంచి చూశాను. తరువాత ఆఫీసు వైపు చూసింది. నేను రిజిష్టరు తెరిచాను.

మధ్యాహ్నం వెంకట్రాజం గారు నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఆయన చేతిలో లిదియా పేపరు ఉన్నది.

“ఇమ్మానుయేలు సాబ్, ఇదెవరు కొట్టేసిండ్రు?”

“జవాబు అసంబద్ధం గదా.”

“ఎవరన్నరు? అయిదేండ్ల కింద! మైనస్ అంటె ఎనకకు పొమ్మని. అయిదేండ్ల కింద తండ్రికి ముప్పై ఆరు, కొడుక్కు పన్నెండు. పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు కాదా? తెలిసే ఇచ్చిన సాబ్ ఆ లెక్క. ప్రశ్న ముంగటికి పొమ్మంటది, లెక్క ఎనకకు గుంజుతది. భయపడి ఆగేటోళ్ళెవరు, లెక్కను నమ్మి పోయేటోళ్ళెవరు, అది చూద్దామని ఇచ్చిన. వందా ఇరవై మందిల ఇద్దరే పోయిండ్రు. అండ్ల మీ బిడ్డ ఒకతి.”

పన్నెండు. నా కలంతోనే పన్నెండు వ్రాశాను. ఏప్రిల్ ఇరవై ఏడున, ఈ పుస్తకంలోనే ఉన్నది. వ్రాసి, అది కుదరదన్నాను.

ఆయన హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళాడు. గొంతులు వినిపించాయి. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

“నీ కాగితం చూపెట్టిండు” అన్నాడు. “ఎందుకు సాబ్? ఒక్క మాట నన్ను అడిగితె ఏంబోతుండె?” అన్నాడు.

అడగడం నాకు తోచలేదు. నేను మెట్రిక్ పాసైనవాణ్ణి.

లిదియాకు చెప్పవద్దని బ్రతిమాలాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని బ్రతిమాలాను.

“నేను చెప్ప. చెప్పాల్సింది నువ్వు. నువ్వు చెప్పేదాంక ఆ పిల్ల మొఖం నేనెట్ల చూడాలె?” అని వెళ్ళిపోయాడు.

జూన్ 18.

సెలవు పెట్టి సుబేదారిలోని జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాను. అర్జీ స్వయంగా వ్రాశాను. ఉదయం పది నుంచి మూడు దాకా బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి గుమాస్తా నా వయస్సువాడే; మా బడి పంపిన ఫైలు తెప్పించి, అద్దాలు పైకి నెట్టి, రెండు కాగితాలు ప్రక్కప్రక్కన పెట్టాడు.

“ఇమ్మానుయేలంటె నువ్వేనా? ఈ దస్తూరి నీదేనా?”

“నాదే.”

“ఇది గూడ నీదే. ఏప్రిల్‌ల మార్కులు తియ్యిమంటివి. జూన్‌ల మల్ల వెయ్యిమంటాన్నవు. ఏ కాగితాన్ని నమ్మాలె మేము?”

“మొదటిది పొరపాటు.”

“పొరపాటున ఇంత మంచిగ రాస్తరా ఎవరన్న?” అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే మెచ్చుకుని, నా కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని మళ్ళీ చదివాడు. “తండ్రే వద్దన్నంక పై ఆఫీసరేం జేస్తడు, భాయ్? దీని మీదికెల్లి ఎవ్వరు దాటలేరు. జర చాయ్ తాగి పో.”

చాయ్ త్రాగలేదు. ఇంటి దాకా నడిచి వచ్చాను.

జూన్ 19.

రేపు చెబుతాను.

జూన్ 20.

చెప్పలేదు. కృపమ్మకు రెండు పూటల డ్యూటీ. ఆమె లేకుండా చెప్పడం సరి కాదు.

జూన్ 21. ఆదివారం.

గుడిలో పాస్టరు గారు ఒప్పుకోలు గురించి ప్రసంగించారు. చాలా బాగా మాట్లాడారు. వచ్చి భోజనం చేసి పడుకున్నాను.

జూన్ 24.

ఈ సాయంత్రం లిదియా పలక తెచ్చుకుని నా ప్రక్కన కూర్చున్నది. జనరల్ సెక్షనులో వారం అయింది.

“నాయినా, ఆ పరీక్షల నాది ఏడ తప్పయిందో ఎరికేనా నీకు? సార్ను అడుగుదమంటె నా దిక్కు చూస్తలేడు. వయసుల లెక్కల నాకు మైనస్ అయిదొచ్చింది. అదేనా తప్పు?”

“పేపర్లు నేను చూడలేదు” అన్నాను.

“అదే అయ్యుంటది. రాసేటప్పుడే అనుమానమొచ్చింది. కని లెక్క అట్లనే వచ్చింది. రెండుసార్లు చేసిన.” కొంచెం సేపు పలక మీద గీతలు గీసింది. “నువ్వు ముందుగాల్నే చెప్పినవు, నోటిలెక్కగ ఆలోచించుమని. నేనే ఇనలే. నీ పద్ధతి నేర్పియ్యి నాయినా.”

నేర్పాను.

దీపం పెట్టేదాకా నేర్పాను. ఆమె చాలా శ్రద్ధగా, మెట్టు మెట్టుగా చేసింది. అయిదు లెక్కలలో రెండు తప్పు పోయినవి. ఇంట్లో ఆమెకు లెక్క తప్పు పోగా నేను ఎన్నడూ చూడలేదు. నా పద్ధతిలో చేయి తిరగక తప్పు పోయింది. “నాకు రాదులే” అని పలక తుడుచుకుంది, ఏడవలేదు. కృపమ్మ వంటింట్లోంచి, “పోనియ్యి బిడ్డా. కుట్టుపని నేర్చుకుంటె దవాఖాన దుప్పట్లన్ని నీకే ఇప్పిస్త” అన్నది నవ్వించడానికి. పిల్ల నవ్వింది కూడా.

జూన్ 25.

ఇంతవరకు వ్రాయనిది ఒకటి ఉన్నది.

ఏప్రిల్ ఇరవై అయిదున హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్ళే ముందు, అయిదు మార్కులు పోతే లిదియా ఎన్నో స్థానంలో ఉంటుందో లెక్క చూసుకున్నాను. ముప్పై ఆరుతో సరిగ్గా నలభయ్యో పేరు వస్తుంది. సెక్షనుకు నలభై మంది. అమ్మాయికి సీటు ఉంటుంది, నాకు పేరు ఉంటుంది. అది చూసుకున్న తరువాతనే న్యాయం చేయడానికి లేచాను. ముప్పై ఆరుతో నలభై ఒకటో పేరు వచ్చేట్టయితే లేచేవాణ్ణి కాదు. ఆ లెక్క మాత్రం నేను తప్పు చేయలేదు.

జూన్ 27.

లిదియా గృహవిజ్ఞానం క్లాసులో చేతిరుమాలుకు అంచు కుట్టి తెచ్చింది. కుట్లు సమానంగా ఉన్నాయి. బాగున్నదన్నాను. లెక్కల పుస్తకం సంచీలోంచి తీయలేదు.

వెంకట్రాజం గారు బదిలీకి అర్జీ పెట్టుకున్నారట.

జూన్ 28. ఆదివారం.

నోటితో చెప్పడం నా వల్ల కాదని తేలింది. వారం రోజులు ప్రతి పూటా ప్రయత్నించాను. నోరు తెరిస్తే ఆఫీసు వాక్యాలు వస్తున్నాయి. ‘అనివార్య కారణముల వలన’ అని వస్తున్నది.

కాబట్టి ఇంతటితో ఈ పుస్తకం నా దగ్గర ఉండదు. బీరువా లేదు కనుక బియ్యం డబ్బా మీద పెడుతున్నాను.

దీనిని తరువాత చదవవలసింది కృపమ్మ. ఆమెకు చదువు రాదు. ఊరి నుంచి ఆమె తమ్ముడు వ్రాసే ఉత్తరాలు ఆమెకు లిదియాయే చదివి వినిపిస్తుంది. ఇది కూడా అట్లాగే వినిపించాలి. సోమక్కను గాని, పాస్టరు గారిని గాని చదవమని అడగకూడదు. లిదియాయే చదవాలి. మొదటి పుట నుంచి, బిగ్గరగా, ఏదీ వదలకుండా. ఏప్రిల్ ఇరవై ఏడు దగ్గర పిల్ల ఆగితే కృపమ్మ తొందర పెట్టకూడదు. జూన్ ఇరవై అయిదు కూడా చదవాలి. అది మొదటి దానికంటే చెడ్డది.

తరువాత పుస్తకం వెంకట్రాజం గారికి ఇవ్వాలి, ఆయన ఊరు విడిచేలోగా. నా తెలుగు దిద్దనక్కరలేదు. ఏడో లెక్క మీద మాత్రం ‘సరి’ అని వ్రాసి సంతకం చేసి లిదియాకు ఇవ్వాలి. దానితో ఏ సెక్షనూ మారదు. ఏ ఆఫీసులోనూ చెల్లదు. ఆమె దగ్గర ఉండాలి, అంతే.

ఆ తరువాత ఎవరూ చదవనవసరం లేదు.

వాళ్ళు చదివే సమయంలో నేను ఇంట్లో ఉండను. పొద్దు గూకాక వస్తాను. తలుపు కృపమ్మ తీస్తే చాలు.